అప్‌డేట్: రోకలి ఎత్తి కూడా ఆగిపోయాను, తప్పు చేశానా అని అడిగింది నేనే

రాత్రి రెండింటికి వంటింటి తలుపు గడియ ఊడగొట్టి ఒకడు లోపలికొచ్చాడు. నేను రోకలి ఎత్తేసరికి గోడ దూకి పారిపోయాడు. వెంటపడి కొట్టాల్సిందా అని పోయిన నెల అడిగాను.

మీరు చెప్పినట్టే లాయరు గారిని కలిశాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. పొద్దుగూకాక, తెల్లవారేలోపు ఇల్లు పగలగొట్టి చొరబడితే ప్రాణం తీసేదాకా హక్కు ఉంటుందని 41వ సెక్షన్. కానీ 37వది దానికి కళ్ళెం వేస్తుంది: అవసరానికి మించి హాని చేయకూడదు. పైగా ఇంట్లోంచి బయటపడి పారిపోయేవాడి తల పగలగొడితే అది ఆత్మరక్షణ కాదన్నారు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం చట్టం కాదు. టార్చి వెలుగులో వాడి ముఖం చూశాను. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, కాళ్ళకు చెప్పుల్లేవు. పాప మంచం వైపు ఒక్క అడుగు వేసుంటే కొట్టేసేవాణ్ణి, అందులో నాకు ఏ సందేహమూ లేదు. వాడు వెనక్కి తిరగ్గానే నా చెయ్యి దానంతటదే దిగిపోయింది.

మా ఆవిడ ఇప్పటికీ "వదిలేశారు, మళ్ళీ వస్తే?" అంటోంది. ఆ టెన్షన్ నాకూ ఉంది. తలుపుకి కొత్త ఇనప గడియ వేయించాను. రోకలి ఇంకా మంచం కిందే ఉంది.