అప్‌డేట్: క్రుప్ ఫిరంగుల సందేహం తీరింది

1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ (అప్పటి జర్మన్ రాజ్యం) జరిగిన యుద్ధంలో ప్రష్యా వాళ్ల క్రుప్ (జర్మన్ ఉక్కు కంపెనీ) ఫిరంగుల ముందు ఫ్రెంచ్ ఫిరంగులు ఎందుకు తేలిపోయాయి, ఉక్కు వల్లేనా అని అడిగాను కదా. మీరు చెప్పినవి చదివాక స్పష్టత వచ్చింది. అందరికీ థాంక్స్.

ఉక్కు ఒక్కటే కాదు. ఫ్రాన్స్‌వి ఎక్కువగా కంచు గొట్టాలు, గుండును మూతి నుంచి దించాలి. జర్మనీలోని ఎసెన్ నగరంలో ఆ కంపెనీ యజమాని ఆల్‌ఫ్రెడ్ క్రుప్ చేయించిన ఉక్కు ఫిరంగిలో వెనక నుంచే పెట్టొచ్చు. గుండుకున్న సీసం తొడుగు గొట్టం లోపలి మెలి గాడుల్ని గట్టిగా ఒరుసుకుంటూ వెళ్లి గిర్రున తిరుగుతుంది, గురి బాగా కుదురుతుంది.

నా దృష్టిలో అసలు తేడా ఫ్యూజ్‌ది, అంటే గుండును పేల్చే పరికరానిది. ఫ్రెంచ్ గుండ్లు చాలావరకు ముందే పెట్టిన టైమ్‌కి పేలేవి, తరచూ గాల్లోనే. ప్రష్యావి నేలను తాకగానే పేలేవి. ఆ యుద్ధంలోనే ఫ్రాన్స్‌లోని సెడాన్ దగ్గర ఫ్రెంచ్ సైన్యాన్ని చిత్తు చేసింది ఈ గుండ్లే.

తర్వాత 1877లో ప్లెవ్నా (ఇప్పటి బల్గేరియాలోని ఊరు) దగ్గర ఒట్టోమన్ తుర్కులు రష్యన్ల మీద పేల్చినవాటిలోనూ క్రుప్ ఫిరంగులున్నాయి.