అప్‌డేట్: సీబీనాట్‌లో కనబడని ఐసోనియాజిడ్ నిరోధకత

రిఫాంపిసిన్ అనే మందుకు లొంగే క్షయ అని సీబీనాట్ (క్షయ బ్యాక్టీరియా జన్యువులను చూసే త్వరిత పరీక్ష) తేల్చిన మా మేనమామగారికి, లైన్ ప్రోబ్ పరీక్షలో (నిరోధకత తెచ్చే జన్యు మార్పులను వెతికే మరో పరీక్ష) ఐసోనియాజిడ్ అనే మరో క్షయ మందుకు నిరోధకత ఎలా బయటపడిందని ఇదివరకు అడిగాను. సీబీనాట్ ఆర్‌పీఓబీ అనే బ్యాక్టీరియా జన్యువులోని 81 బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) భాగాన్ని పరిశీలించి రిఫాంపిసిన్ గురించే చెబుతుంది. ఐసోనియాజిడ్ దాని పరిధిలో లేదు.

ఐసోనియాజిడ్ పనిచేయాలంటే బ్యాక్టీరియాలోని క్యాట్‌జీ ఎంజైమే దానిని క్రియాశీలం చేయాలి కాబట్టి, ఆ ఎంజైములో 315వ స్థానంలో సెరిన్ అనే అమైనో ఆమ్లం బదులు త్రియోనిన్ చేరితే సాధారణంగా అధిక స్థాయి నిరోధకత వస్తుంది. మామయ్యగారిలో కనబడినది ఇన్‌హెచ్‌ఏ జన్యువు ప్రమోటర్‌లో (ఆ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే భాగంలో) మార్పు. ఇది మందు గురిపెట్టే ఎంజైమునే అధికంగా తయారు చేయిస్తుంది. ఈ నిరోధకత సాధారణంగా తక్కువ స్థాయిదే అయినా ఎథియోనమైడ్ అనే మరో క్షయ మందుకూ వర్తిస్తుంది, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది.

లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు నిరోధకత లేదని నిర్ధారించుకున్నాకే, దానిని రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్‌లతో కలిపి ఆరు నెలల చికిత్స మొదలుపెట్టారు.