ఎం.ఏ. పొలిటికల్ సైన్స్: రెగ్యులర్‌గానా, దూరవిద్యలోనా?

బీఏ అయిపోయిన మా తమ్ముడి కోసం అడుగుతున్నానండీ. ఉస్మానియాకు సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. కన్వీనర్ సీటు వస్తే ఫీజు భారం కాదు. అసలు ఖర్చు హాస్టల్, మెస్, రెండేళ్లు జీతం లేకపోవడం. నెలకు 15,000 వచ్చే ఉద్యోగం వదులుకుంటే అక్కడే 3,60,000 పోయినట్టు. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో అయితే ఉద్యోగం నిలుస్తుంది, కానీ చర్చించే తరగతి గది ఉండదు. ఈ సబ్జెక్టుకు అది పెద్ద లోటే.

సివిల్స్ కోసమైతే ఎం.ఏ. అక్కర్లేదు, ఏ డిగ్రీ ఉన్నా ఇదే ఆప్షనల్ సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మెయిన్స్ రాతపరీక్ష 1,750లో దీనికి 500 మార్కులు, తెలుగులోనూ రాయొచ్చు. నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్, జేఆర్‌ఎఫ్ అర్హత పరీక్ష) సంగతి వేరు: ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. పీజీతో రాస్తే అందులో 55 శాతం తప్పనిసరి (ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీలకు 50), 54.9ని 55గా లెక్కించరు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదట్లో నెలకు 37,000. అందుకే మొదటి సెమిస్టర్ నుంచే మార్కులు చూసుకోవాలి.

తెలిసినవాళ్లు ఇవి చెప్పండి. సివిక్స్ జూనియర్ లెక్చరర్ పోస్టులకు సర్టిఫికెట్ల పరిశీలనలో దూరవిద్య పీజీకి అభ్యంతరం చెబుతున్నారా? తెలుగు మీడియం నుంచి వచ్చి నెట్ కొట్టినవాళ్లు పాశ్చాత్య రాజకీయ చింతన ఏ పుస్తకాలతో చదివారు? ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే పాలసీ పరిశోధన, ఎన్నికల సర్వే సంస్థల్లో హైదరాబాద్‌లో మొదటి జీతం ఎంత ఇస్తున్నారు, ఎక్సెల్, గణాంకాలు ఎంతవరకు వచ్చి ఉండాలి?