డాలస్‌లో హోమ్ స్టేజింగ్ మొదలుపెడదామనుకుంటున్నా, నిజంగా డబ్బులు మిగులుతాయా?

ఫ్రిస్కో_కొత్తకాపురం

అందరికీ నమస్కారం అండి. హోమ్ స్టేజింగ్ అంటే అమ్మకానికి పెట్టే ఇంటిని ఫర్నిచర్‌తో, డెకార్‌తో అందంగా సర్ది చూపించే పని. మేము ఫ్రిస్కోలో ఉంటాం, నాకు హెచ్4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని చేసుకునే పర్మిట్) ఉంది. ఇల్లు సర్దడం, డెకార్ అంటే మొదటి నుంచీ పిచ్చి, మా సర్కిల్‌లో ఎవరు ఇల్లు అమ్ముకున్నా ఫోటోలు తీసేముందు ఒకసారి వచ్చి చూడవా అని పిలుస్తారు, ఇప్పటిదాకా అన్నీ ఊరికే చేసిపెట్టాను. ఇప్పుడు తెలిసిన రియల్టర్ అక్క ఒకావిడ తన లిస్టింగ్స్‌కి, అంటే తను అమ్మిపెడుతున్న ఇళ్ళకి, డబ్బులు తీసుకునే చెయ్యి, నేను పని ఇస్తా అంటున్నారు. చేతిలో ఒక 15 వేల డాలర్లు పెట్టగలను. నా డౌట్లు ఏంటంటే, ఫర్నిచర్ కొనాలా అద్దెకి తేవాలా, ఎంత ఛార్జ్ చెయ్యాలి, లైసెన్స్ లాంటిదేమైనా కావాలా, అన్నిటికంటే ముఖ్యం ఇందులో నెలాఖరుకి ఏమైనా మిగులుతుందా లేక సోఫాలు మొయ్యడమేనా. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దాచకుండా చెప్పండి ప్లీజ్.

ప్లేనో_స్టేజర్

నేను ఇదే పని చేస్తున్నా అండి, కొన్నేళ్ళుగా, కాబట్టి లెక్కలతోనే మొదలుపెడతా. ఈ బిజినెస్‌లో టేస్ట్ ఉన్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, కానీ మిగిలేది మాత్రం ఒక్క సోఫా ఏడాదికి ఎన్నిసార్లు బయటికి వెళ్ళొచ్చింది అన్నదాని మీదే.

మాటవరసకి ఒక ఖాళీ ఇల్లు 2,500కి ఒప్పుకున్నారు అనుకోండి. పెట్టడానికోసారి తియ్యడానికోసారి మూవర్స్, 450 చొప్పున 900. ట్రక్కు రెండుసార్లకి 240. స్టోరేజ్ అద్దెలో ఆ ఇంటి వాటా 150, సాయానికి వచ్చే అమ్మాయికి 150, గీతలు పడేవి విరిగేవి 100, ఇన్సూరెన్స్ వాటా 60. మొత్తం 1,600 పోయింది, 900 మిగిలింది కదా అనిపిస్తుంది, కానీ ఆగండి. ఆ ఇంట్లో మీరు పెట్టిన సామాను 6 వేలది, అది పన్నెండు ఇళ్ళు తిరిగాక పాతబడుతుంది అనుకుంటే ఇంటికి 500 సామాను అరుగుదల కింద పోతుంది. ఇక మీ చేతికి వచ్చేది 400. వెళ్ళి ఇల్లు చూసి, ప్లాన్ వేసి, సామాను ఎంచి, రోజంతా సెటప్ చేసి, మళ్ళీ తీసేసరికి ఎంత లేదన్నా పాతిక గంటలు. గంటకి 16 డాలర్లు అన్నమాట, అందులోంచి మళ్ళీ ట్యాక్స్. అదే ఇంటికి 3,200 అడిగితే గంటకి 44 పడుతుంది. పని ఒకటే, సామాను ఒకటే. కొత్తగా వచ్చేవాళ్ళు సగంమంది పక్కావిడ కంటే తక్కువకి చేస్తే పని దొరుకుతుంది అనుకుని 2,500 దగ్గరే ఉండిపోతారు, అక్కడే అలిసిపోయి మానేస్తారు.

కాబట్టి నా సలహా, ముందు ఖాళీ ఇళ్ళ జోలికి పోకండి. కన్సల్టేషన్, మనుషులు ఉంటున్న ఇళ్ళు, వీటితో మొదలుపెట్టండి. రెండు గంటలు ఇల్లంతా తిరిగి ఏది తియ్యాలి ఏది జరపాలి ఏ గోడకి రంగు వెయ్యాలి అని రాసిచ్చి ఫీజు తీసుకోండి. అందులో ట్రక్కు లేదు, స్టోరేజ్ లేదు, మీకొచ్చేది దాదాపు అంతా మీదే. దాంతో పేరు వస్తుంది, ఏ రియల్టర్ డబ్బులు టైమ్‌కి ఇప్పిస్తారో తెలుస్తుంది, మీ 15 వేలు అలాగే ఉంటాయి. మొదటి ఒకట్రెండు ఖాళీ ఇళ్ళకి ఫర్నిచర్ అద్దె కంపెనీ నుంచే తెచ్చుకోండి, మార్జిన్ తగ్గినా పర్లేదు.

ఇంకోటి, సీజన్. ఇక్కడ స్కూళ్ళ లెక్కన మార్చి నుంచి జూన్ దాకా ఊపిరి ఆడదు, థాంక్స్‌గివింగ్ దాటాక ఫోన్ మోగదు. స్టోరేజ్ అద్దె మాత్రం డిసెంబర్‌లో కూడా కట్టాలి కదా, అందుకని వసంతంలో వచ్చింది అంతా ఖర్చుపెట్టెయ్యకండి.

రియల్టర్_మెకిన్నీ

రియల్టర్ వైపు నుంచి చెప్తాను. సెల్లర్‌ని ఒప్పించడానికి నేను వాడే మాట ఒకటే, బయ్యర్ ఇంటికి రాకముందే ఫోన్‌లో ఫోటోలు చూసి సగం డిసైడ్ అయిపోతాడు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2023 రిపోర్ట్‌లో బయ్యర్ల ఏజెంట్లలో 81 శాతం మంది, స్టేజ్ చేసిన ఇంటిని తమ ఇల్లుగా ఊహించుకోవడం బయ్యర్‌కి తేలికవుతుంది అన్నారు, అందులో ముందు వరసలో ఉన్నది లివింగ్ రూమ్, తర్వాత మాస్టర్ బెడ్‌రూమ్, తర్వాత కిచెన్. అందుకని బడ్జెట్ తక్కువ ఉన్న సెల్లర్‌కి ఆ మూడూ చేసి మిగతా గదులు ఖాళీగా శుభ్రంగా వదిలేసే ప్యాకేజీ ఒకటి పెట్టుకోండి, నేనైతే అదే ఎక్కువ అమ్ముతా.

ఇక మనవాళ్ళ ఇళ్ళ సంగతి. తెలుగువాళ్ళ ఇల్లు స్టేజ్ చేసేటప్పుడు అసలు కష్టం ఫర్నిచర్ కాదండి, నోరు. కౌంటర్ మీద వెట్ గ్రైండర్, స్టీలు డబ్బాల వరస, ఆవకాయ జాడీ, గరాజ్‌లో రెండో ఫ్రిజ్, దాని పక్కన బియ్యం బస్తాలు, ఇవన్నీ తియ్యమనాలి. షోయింగ్స్ ఉన్న వారం, అంటే బయ్యర్లు ఇల్లు చూడ్డానికి వచ్చే వారం, ఇంట్లో పోపు పెట్టొద్దని చెప్పాలి, కావాలంటే గరాజ్‌లో ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటారు. పూజ గది ఉంటే పటాలు, విగ్రహాలు ఆవిడే తన చేత్తో సర్దుకునేలా టైమ్ ఇవ్వండి, మీరుగా ముట్టుకోవద్దు, అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉంటే ముందు ఆవిడతో కూర్చుని "అమ్మా, ఈ నాలుగు వారాలే, కొత్తింట్లో మళ్ళీ పెట్టుకుందాం" అని నెమ్మదిగా చెప్పండి. ఈ పని అమెరికన్ స్టేజర్‌తో అవ్వదు, ఫలానావి తియ్యండి అని లిస్ట్ ఇచ్చి వెళ్ళిపోతారు, వీళ్ళు నొచ్చుకుంటారు, ఏదీ తియ్యరు. మీకు ఇక్కడ నిజమైన బలం ఉంది.

కానీ ఒక జాగ్రత్త. మా స్టేజింగ్ ఇండియన్ బయ్యర్ల కోసం అని ఎక్కడా రాయకండి. 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం మతం, జాతీయత చూసి ఇంటి ప్రకటన ఇవ్వడం కుదరదు, మీ మాట మా లిస్టింగ్‌కి చుట్టుకుంటుంది. ఇల్లు ఎవరికైనా నచ్చేలా ఉండాలి, అంతే.

ఫ్రిస్కో_కొత్తకాపురం

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ, గంటకి 16 డాలర్ల లెక్క చూసి మా ఆయనకి కూడా చూపించా. ఆయన వీకెండ్స్ సోఫాలు మొయ్యడానికి తను వస్తా, మూవర్స్ ఖర్చు మిగులుతుంది అంటున్నారు, అలా చెయ్యొచ్చా? ఎల్ఎల్‌సీ (బిజినెస్‌ని కంపెనీగా రిజిస్టర్ చెయ్యడం), ట్యాక్స్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

లెక్కలమనిషి_ఇర్వింగ్

మీ ఆయన హెచ్1బీ వర్క్ వీసా మీద ఉంటే ఆ ఆలోచన మానుకోండి అమ్మా. హెచ్1బీలో ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకో బిజినెస్‌కి పని చెయ్యకూడదు, డబ్బులు తీసుకోలేదు కదా అన్నది కాపాడుతుందని నమ్ముకోలేం. మూవర్స్ ఖర్చు మిగుల్చుకోబోయి స్టేటస్ మీదకి తెచ్చుకోవద్దు, ఒకసారి ఇమిగ్రేషన్ అటార్నీని అడగండి.

మీ విషయానికొస్తే హెచ్4 ఈఏడీతో సొంత బిజినెస్ చేసుకోవచ్చు, 2015లో ఆ రూల్ వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. అయితే కార్డు డేట్ చూసుకుంటూ ఉండాలి. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఇదివరకటిలా ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ లేదు, పాత కార్డు అయిపోయి కొత్తది రాకపోతే పని ఆపాల్సిందే. మీ సామాను నాలుగు ఇళ్ళలో ఉండగా అలా జరిగితే ఎవరు వెళ్ళి తీసుకొస్తారో ముందే అనుకుని పెట్టుకోండి.

టెక్సస్‌లో స్టేజింగ్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కాకపోతే కార్డు మీద రిజిస్టర్డ్ ఇంటీరియర్ డిజైనర్ అని మాత్రం వేసుకోకండి, అది రాష్ట్ర బోర్డు దగ్గర నమోదైనవాళ్ళే వాడాల్సిన పేరు. ఎల్ఎల్‌సీకి రాష్ట్రానికి కట్టేది 300 డాలర్లు, బిజినెస్‌కి ఇచ్చే ట్యాక్స్ నంబర్ ఈఐఎన్ ఫ్రీ, వందలు తీసుకుని చేసిపెడతామనే సైట్లకి కట్టకండి. మీ సొంత ఫర్నిచర్ ఇంకొకళ్ళకి అద్దెకి ఇస్తే దాని మీద సేల్స్ ట్యాక్స్ ఉంటుంది, ఫ్రిస్కోలో 8.25 శాతం. కన్సల్టేషన్ ఫీజు, అద్దె, లేబర్ బిల్లులో విడివిడిగా ఎలా చూపించాలో సీపీఏతో (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్‌తో) కూర్చుని ఒకసారి తేల్చుకోండి. సేల్స్ ట్యాక్స్ పర్మిట్ ఫ్రీయే. ఇన్‌కమ్ ట్యాక్స్ మూడు నెలలకోసారి అన్నట్టు కట్టాలి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 తేదీలు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం వేరే. వచ్చిన ప్రతి చెక్కులో పావు వంతు ఇంకో అకౌంట్‌లో వేసేసి మర్చిపోండి.

ఆస్టిన్_గెస్ట్

ఇప్పుడు వర్చువల్ స్టేజింగ్ వచ్చేసింది కదండీ, ఖాళీ గది ఫోటోలో కంప్యూటర్లోనే సోఫా పెట్టేస్తున్నారు, పైసల్లో పని. ఇంకా ఈ ట్రక్కులు స్టోరేజ్ ఎవరు పెట్టుకుంటారు?

ప్లేనో_స్టేజర్

చవక ఇళ్ళకి, ఖాళీ కండోలకి అది బాగానే సరిపోతుంది, కాదనను. కానీ ఫోటో చూసి వచ్చిన బయ్యర్ తలుపు తీసేసరికి బోసి గది కనిపిస్తే మొహం పడిపోతుంది, కార్పెట్ మరకలు, గోడ మీద మేకుల గుంటలు అన్నీ అప్పుడే కంటబడతాయి. ఎలాగూ ఫోటో మార్చాం అని లిస్టింగ్‌లో చెప్పాలి కూడా. పెద్ద ఇళ్ళకి మనుషులు ఇంకా నిజం స్టేజింగే అడుగుతున్నారు.

ఫ్రిస్కో గారూ, కొనడం మొదలుపెట్టాక ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. సోఫా 84 అంగుళాలు దాటొద్దు, ఏ ఇంట్లోనైనా పడుతుంది, మెట్ల మలుపులో ఇరుక్కోదు. సెక్షనల్ (ముక్కలు కలిపి పెట్టే పెద్ద సోఫా) అసలు వద్దు. రగ్గు మాత్రం చిన్నది కొనకండి, కనీసం 8 బై 10, సోఫా ముందు కాళ్ళు దాని మీదకి రావాలి, 5 బై 7 వేస్తే పెద్ద గది కూడా ఫోటోలో ఇరుగ్గా కనిపిస్తుంది. క్వీన్ మంచం మీద డువే (మెత్తటి బొంత) కవర్ క్వీన్‌ది, లోపల దూర్చే బొంత కింగ్ సైజ్‌ది పెట్టండి, హోటల్ మంచంలా పొంగి ఉంటుంది. బల్బులన్నీ ఒకే రంగు, 3000 కెల్విన్ లోపు, ఒకటి పసుపు ఒకటి తెలుపు ఉంటే ఫోటోగ్రాఫర్ తల పట్టుకుంటాడు. కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అంటించకుండా హార్డ్‌వుడ్ మీద ఏదీ పెట్టకండి. సామాను గరాజ్‌లో దాద్దాం అనుకుంటే ఆగస్టు ఎండకి క్యాండిల్స్ కరిగి కుషన్ల మీదకి కారతాయి, జిగురుతో అంటించినవి ఊడిపోతాయి, ఏసీ ఉన్న స్టోరేజ్ తీసుకోండి.

మనవాళ్ళ దగ్గర డబ్బుల విషయంలో మొహమాటం వద్దు. ఇల్లు అమ్ముడుపోయాక క్లోజింగ్‌లో ఇస్తాంలే అంటారు, డీల్ తప్పిపోతే మీ డబ్బులూ పోతాయి. ట్రక్కు కదలకముందే మొత్తం తీసుకోండి, కాంట్రాక్ట్‌లో 60 రోజులు అని రాసి, ఆ తర్వాత నెలకి ఇంత అద్దె అని రాయండి. సామాను మీదేనని, గీత పడితే ఎవరు కట్టాలో, తియ్యడానికి మీకు ఎన్నిరోజుల ముందు చెప్పాలో, లాక్‌బాక్స్ (ఇంటి తాళంచెవి పెట్టే పెట్టె) కోడ్ మీకు ఇవ్వాలని, అన్నీ రాతలో ఉండాలి. ఒకళ్ళు ఇల్లు అమ్మకుండా అద్దెకి ఇచ్చేసుకుని మీ సోఫా మీద అద్దెకి వచ్చినవాళ్ళు కూర్చుంటే, ఆ కాగితమే మీ చేతిలో ఉండేది.

ఫ్రిస్కో_కొత్తకాపురం

అయితే ముందు కన్సల్టేషన్‌లే చేస్తా అండి, మా ఆయన్ని సోఫాల జోలికి రానివ్వను. రియల్టర్ అక్కతో ఈ వీకెండ్ మాట్లాడి ఫీజు ఫిక్స్ చేసుకుంటా. ప్లేనో గారూ, మీ కాంట్రాక్ట్ ఏ అటార్నీతో రాయించుకున్నారో మెసేజ్‌లో చెప్పగలరా?