కావేరి నీళ్లొచ్చే ఇంట్లో ఆర్‌ఓ అవసరమా?

మారతహళ్లి నుంచి:
పోయిన నెలే బెంగళూరులో కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. కావేరి కనెక్షన్ ఉంది. చాలనప్పుడు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కూడా అదే సంపులోకి వదులుతారు. మా ఆయన ఆర్‌ఓ (నీళ్లని సన్నటి పొరగుండా వడకట్టే మిషను) పెట్టిద్దామంటున్నారు. మరగబెట్టుకుంటే చాలదా అని అత్తయ్య. నాలుగు నెలల పాప, పోతపాలే తాగుతుంది. ఏం చేయమంటారు?

జేపీ నగర్ నుంచి:
ఆర్‌ఓ వద్దండి. కావేరి నీళ్లని తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, దాదాపు 100 కిలోమీటర్లు పంపు చేసి తెస్తున్నారు. మా కుళాయిలో టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, ఎప్పుడూ 200 మిల్లీగ్రాములు దాటలేదు. తాగే నీళ్లకి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు 500. కార్బన్, క్రిముల్ని చంపే యూవీ దీపం ఉన్న ఫిల్టర్ చాలు. ఆర్‌ఓ ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు మోరీపాలు చేస్తుంది. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం పడిన అగచాట్లు అప్పుడే మరిచిపోయామా? 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది.

వైట్‌ఫీల్డ్ నుంచి:
అన్నా, మీ కుళాయి లెక్క మాకు కుదరదు. మాది వెయ్యి అడుగుల బోరు. మొన్న గీజరు కాయిల్ బయటికి తీస్తే సున్నం పెచ్చులు దోసెడు రాలాయి. ఆర్‌ఓ లేకుండా ఆ నీళ్లు గొంతు దిగవు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి:
ఎవరి నీళ్లకి వాళ్లు చెప్పింది సరే. అమ్మా, మీది మాత్రం కలగలుపు సంపు. మాదీ అంతే. జనవరిలో మా టీడీఎస్ మీటరు 140 చూపించింది, మార్చిలో ట్యాంకర్లు మొదలయ్యాక 680. ఒక్కరోజు కొలిచి మిషను కొంటే మోసపోతారు.

పాప సంగతి ముఖ్యం. మరగబెడితే క్రిములు చస్తాయి, నీళ్లలో కరిగి ఉండే నైట్రేట్ అనే లవణం మాత్రం పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో పాలు కలిపితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. టీడీఎస్ మీటరు నైట్రేట్‌ని విడిగా చూపదు, క్రిముల్ని అసలే చూపదు. అందుకే ల్యాబ్ పరీక్ష తప్పదు.

ఆర్‌ఓ పెట్టించినా, రుచి కోసమని టీడీఎస్ కంట్రోలర్ తిప్పనివ్వకండి. అది ఆర్‌ఓ దాటని నీళ్లని మళ్లీ కలుపుతుంది, నైట్రేట్ దాంతోపాటే వస్తుంది.

ఇక సర్వీసు. ట్యాంకర్ నెలల్లో బయట ఉండే తెల్ల ఫిల్టర్ విప్పితే టీ డికాక్షన్ రంగు బురద. దాన్ని మూడు నెలలకే మారుస్తాను. కార్బన్ కూడా వాయిదా వేయను, క్లోరిన్‌ని ఆపేది అదే, ఆగకపోతే అది ఆర్‌ఓలోని మెంబ్రేన్‌ని, అంటే ఆ సన్నటి పొరని, తినేస్తుంది. పోయినసారి వచ్చిన కుర్రాడు మెంబ్రేన్ పోయిందన్నాడు. అతని ముందే కొలిచాను: లోపలికి 680, బయటికి 60. తొంభై శాతం పైనే ఆపుతోంది, ఎందుకు మార్చాలి?

మారతహళ్లి నుంచి:
వాచ్‌మన్‌ని అడిగితే ఈ వారంలోనే మూడు ట్యాంకర్లు దిగాయన్నాడు. రేపు సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి ఇస్తున్నాను. నైట్రేట్ సంగతి అత్తయ్యకి చదివి వినిపించాను. రిపోర్టు వచ్చేదాకా పాప పాలకి సీలున్న ఐఎస్ఐ క్యాన్ నీళ్లే కాచి వాడదామన్నారు.