ఒక్క బొమ్మే అయినా పేరు ‘ఇబేజీ’

ఒక అనువాదంలో ‘ఎరే ఇబేజీ’ని ‘కవల దేవతా విగ్రహాలు’ అని రాశారు. నాకు మింగుడుపడలేదు. యోరుబా భాషలో ‘ఎరే’ అంటే చెక్కిన రూపం. ‘ఇబి’ పుట్టుక, ‘ఎజి’ రెండు. ఇందులో దేవత ఎక్కడుంది?

నైరుతి నైజీరియాలోని యోరుబాల్లో కవలల కాన్పులు చాలా ఎక్కువ. కవలలిద్దరి ప్రాణమూ ఒకటేనని వాళ్ల నమ్మకం. ఒకరు పసితనంలో పోతే, రెండోవారినీ వెంట తీసుకుపోతారని భయం. సంప్రదాయం ప్రకారం బబలావోను, అంటే ఇఫా జోస్యం చెప్పే పెద్దను, అడిగి, ఆయన చెబితే జానెడు పొడవు చెక్కబొమ్మ చేయిస్తారు. అదే ఎరే ఇబేజీ. తల్లి దానికి నీళ్లు పోస్తుంది, తినిపిస్తుంది, బట్ట కడుతుంది, ఒంటికి ఎర్ర చెక్కపొడి, జుట్టుకు నీలిరంగు పట్టిస్తుంది. అలా కడిగి కడిగి, నిమిరి నిమిరి, కళ్లూ ముక్కూ అరిగిపోయిన బొమ్మలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

పోయింది ఒక్కరే అయితే బొమ్మా ఒక్కటే. పేరులో మాత్రం రెండు! మన ‘కవల’లోనూ జంట అనే అర్థమిచ్చే ‘కవ’ ఉంది, ‘కన్నుగవ’లో ఉన్నదే. కాబట్టి ‘కవల బొమ్మ’ అని ఏకవచనంలోనే రాయాలంటాను.

— ‘బొమ్మ’ అంటే ఆటవస్తువు అనుకోరాండీ? పైగా పోయింది పసిబిడ్డ కదా, బొమ్మకు పెద్దవాళ్ల ఒళ్లేమిటి?

— కొలువులో పెట్టిన బొమ్మను ఆటవస్తువని ఎవరూ అనరు కదండీ. విగ్రహమంటేనే ప్రతిష్ఠ, గుడి గుర్తొస్తాయి. ఇక ఒళ్లు సంగతి: పోయిన బిడ్డ పోలిక చెక్కరు, నిండుగా ఎదిగిన మనిషిని చెక్కుతారు. తల మాత్రం ఒంటికి మించి పెద్దది. వాళ్ల ‘ఒరి’ అనే మాటకు తల అనీ, రాసిపెట్టి ఉన్నదనీ రెండర్థాలు. ‘తలరాత’ అనే మనకు ఇది వివరించక్కర్లేదు.

— పేర్లు కూడా చెప్పండి, బాగుంటాయి.

— ముందు పుట్టినవారు తైవో, ‘లోకాన్ని రుచి చూసినవారు’. తర్వాత వచ్చినవారు కెహిందే, ‘వెనక వచ్చినవారు’. అయినా పెద్ద కెహిందేనే! లోకం ఎలా ఉందో చూసి రమ్మని తైవోను ముందు పంపింది కెహిందేనట. భాగవతంలోనూ ముందు పుట్టింది హిరణ్యాక్షుడు, అన్న మాత్రం హిరణ్యకశిపుడే. కారణం వేరు లెండి, అక్కడ గర్భంలో ముందు పడ్డవాడు పెద్ద.