కంచే చేను మేసిందా? డెంగీ జ్వరం, కిడ్నీ, ఒక సామెత

దేవరకొండ సభ్యుడు: మా బాబాయికి డెంగీ వచ్చి ఒంటేలు బాగా తగ్గిపోయింది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగింది. "వైరస్ కన్నా మీ ఒంటి రక్షణ వ్యవస్థే ఎక్కువ దెబ్బ తీసింది, కంచే చేను మేసినట్టు" అన్నారు డాక్టర్ గారు. ఇప్పుడు బాగయ్యి ఇంటికొచ్చిండు. కానీ ఆ సామెత ద్రోహానికి కదా వాడతాం? ఒంట్లో జరిగిందీ ద్రోహమేనా?

మహబూబ్‌నగర్ సభ్యుడు: అన్నా, అసలు మా దిక్కు ఆ సామెతే సరిగ్గా అతకదు. మాకు కంచె అంటే పశువులు మేసే బీడు. చేను చుట్టూ ముళ్ళకంపతో పెట్టేది వెలుగు. మా అవ్వకు ఈ సామెత చెప్తే "కంచెల మేయక ఇంకెక్కడ మేస్తయిరా" అన్నది.

నల్లగొండ సభ్యురాలు: అవ్వ మాటకు తిరుగులేదు! నేను డయాలసిస్ వార్డులో నర్సుని. నన్నడిగితే ఆ సామెత సగమే అతుకుతుంది.

గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదిలి, మిగతాదంతా మళ్ళీ రక్తంలో కలుపుతాయి. ఆ కలిపే పని సన్నటి నాళికలది. పని ఎక్కువ కాబట్టి ఆక్సిజన్ కొంచెం తగ్గినా అవే ముందు దెబ్బతింటాయి.

వైరస్ ముదిరినప్పుడు రక్షణ కణాలు సైటోకైన్లనే రసాయనాలు వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 అందులో ఒకటి. అవి మితిమీరితే రక్తనాళాల లోపలి పొర సడలి నీరు బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది. సన్న నాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు క్రిములతో పాటు మన కణాలకూ చిల్లులు పెట్టగలవు. అంటే కిడ్నీలో వైరస్ పెద్దగా లేకున్నా నాళికలు చెడిపోవచ్చు. ఇంతవరకు డాక్టర్ గారి మాట కరెక్టే.

కానీ నేరం మొత్తం కంచె మీద వేస్తే ఎట్లా? వాంతులు, నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళునొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది, ఇవన్నీ కిడ్నీని కుంగదీసేవే. పైగా డెంగీలో నీరు కారడం జ్వరం దిగే వేళకే ముదురుతుంది. ఇంట్లోవాళ్ళేమో జరం పోయిందని నిమ్మళంగా ఉంటారు. మేమప్పుడు యూరిన్ బ్యాగు మీది గీతల నుంచి కన్ను తిప్పం. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రాకుండా 6 గంటలు గడిస్తే మాకు టెన్షన్ మొదలు.

ఇంకో సంగతి. మొదట ఒంట్లో మంట, వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెంచే మాక్రోఫేజులనే రక్షణ కణాలే తర్వాత తీరు మార్చుకుని, చచ్చిన కణాలను ఏరేసి, నాళికలు మళ్ళీ మొలవడానికి సాయపడతాయి. మీ బాబాయి కోలుకోవడంలో వాటి చెయ్యి కూడా ఉంటుంది. చేను మేసిన కంచె మళ్ళీ నాటు వేస్తుందా చెప్పండి?

మిర్యాలగూడ సభ్యుడు: మరి కరోనా టైంలో "ఇమ్యూనిటీ పెంచుకోండి" అని కషాయాలు అమ్మినోళ్ళ సంగతేంది అక్కా?

నల్లగొండ సభ్యురాలు: పెంచుడే మందైతే డెక్సామెథసోన్ పనిచేయొద్దు తమ్ముడూ, అది రక్షణ వ్యవస్థను అణచే స్టెరాయిడ్. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో దానితో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం పడనివాళ్ళకు మాత్రం లాభం కనిపించలేదు. అంటే ఎవరికి, ఎప్పుడు అన్నదే లెక్క. డెంగీకి స్టెరాయిడ్లతో మేలని తేలలేదు, కోవిడ్ చీటీ చూసి వాడొద్దు.

దేవరకొండ సభ్యుడు: థ్యాంక్స్ అక్కా. మా ఊళ్ళో అందరూ నీళ్ళలో ఫ్లోరైడ్ వల్లనే అంటున్నరు.

నల్లగొండ సభ్యురాలు: మన జిల్లాల కిడ్నీ అంటే ముందు అనుమానం నీళ్ళ మీదికే పోతుంది. ఫ్లోరైడ్ ఏండ్ల తరబడి పళ్ళను, ఎముకలను పాడుచేసేది. ఇది జరంతో నాలుగు రోజుల్ల వచ్చింది, రెండూ కలపకండి. మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మళ్ళీ చేయించండి. అప్పటిదాకా నొప్పుల గోళీలు సొంతంగా మింగనియ్యకండి.